అమ్మకి కారు పడదనుకున్నాం, లీక్ అయ్యేది సైలెన్సర్! పాత అంబాసిడర్‌లో ఫోన్‌తో పట్టుకున్న కథ

మా అమ్మకి అంబాసిడర్ పడదు. నాలుగైదేళ్లుగా మా ఇంట్లో అందరూ ఒప్పేసుకున్న విషయం ఇది. తెనాలిలో కారెక్కితే విజయవాడ చేరేలోపు తలనొప్పి మొదలవుతుంది. ట్రాఫిక్‌లో ఆగితే వికారం. డ్యాష్‌బోర్డ్ మీద ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది. విచిత్రం ఏంటంటే బస్సులో ఆవిడకి ఏమీ కాదు, మా అన్నయ్య కారులోనూ ఏమీ కాదు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. "పెట్రోల్ వాసనరా, పాత బండి కదా" అనేవారు నాన్న. ఆ బండి 1986 మోడల్ మార్క్ 4, ఆయన ప్రాణం.

మొన్న సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నా బ్యాగులో ఒక సీఓ మీటర్ ఉంది. ఎయిర్ క్వాలిటీ మీటర్ల రివ్యూ కోసం కొన్నది. సీఓ అంటే కార్బన్ మోనాక్సైడ్. ఊరికే టైంపాస్‌కి కారు వెనక సీట్లో పెట్టి, అద్దాలు ఎత్తి, వాకిట్లో ఇంజన్ ఐడిల్‌లో ఉంచాను. మొదటి రెండు నిమిషాలు సున్నా. తర్వాత 6. తర్వాత 19. పదకొండో నిమిషంలో 54 పీపీఎం చూపించింది. ఇంజన్ ఆపి, నాలుగు తలుపులూ తీసేసి, అమ్మని పిలిచి ఆ నంబర్ చూపించాను. ఆవిడకి పీపీఎం అంటే ఏంటో తెలీదు. కానీ "నేను చెప్తూనే ఉన్నాగా" అంది.

ఈ ఆర్టికల్ ఆ 54 ఎక్కడ నుంచి వచ్చింది, దాన్ని ఎలా కిందికి తెచ్చాం అనే దాని గురించి. గ్యాడ్జెట్లు సగం పని చేశాయి. మిగతా సగం పానా, ఎమరీ పేపర్ చేశాయి.

54 అంటే ఎంత?

డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్ ప్రకారం గంట సేపు పీల్చే గాలిలో సీఓ క్యూబిక్ మీటర్‌కి 35 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే సుమారు 30 పీపీఎం. 15 నిమిషాలకైతే 100 మిల్లీగ్రాములు, అంటే 87 పీపీఎం దాకా. తెనాలి నుంచి విజయవాడ గంట ప్రయాణం అనుకుంటే లెక్క మీరే వేసుకోండి. రన్నింగ్‌లో గాలి ఆడుతుంది కాబట్టి అంత ఉండకపోవచ్చు. కానీ సిగ్నల్స్‌లో, రైల్వే గేటు దగ్గర ఉంటుంది. సీఓకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మొదట వచ్చేది తలనొప్పి, వికారం. అచ్చం "కారు పడకపోవడం" లాగే ఉంటుంది.

పైగా పాత కార్లలో సమస్య కొత్తవాటి కంటే చాలా పెద్దది. అంబాసిడర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, కార్బురేటర్ బండి. ఇలాంటి పాత పెట్రోల్ కార్లకి పీయూసీ టెస్ట్‌లో ఐడిల్ మీద 3 శాతం సీఓ వరకు అనుమతి ఉంది. 3 శాతం అంటే 30,000 పీపీఎం. పొల్యూషన్ సర్టిఫికెట్ పాసైన బండే అంత వదులుతుంది. అది వెనక గొట్టం చివర నుంచి పోతే సరే. మధ్యలో, సరిగ్గా మన సీటు కింద బయటికొస్తే?

ఇక్కడ గ్యాడ్జెట్ల గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది ఇదే పొరపాటు చేస్తారు. ఆన్‌లైన్‌లో దొరికే ఇంట్లో పెట్టుకునే సీఓ అలారం తెచ్చి కార్లో పెడితే సరిపోదు. నా దగ్గర ఒకటి ఉంది, దాన్ని కూడా పక్కనే పెట్టాను. అది నోరు విప్పలేదు. పాడైపోలేదు, దాని డిజైనే అంత. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం 70 పీపీఎం దగ్గర కూడా అలారం మోగడానికి 60 నుంచి 240 నిమిషాల టైం ఉంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 కొంచెం స్ట్రిక్ట్: 50 పీపీఎం దగ్గర 60 నుంచి 90 నిమిషాలు. ఇంట్లో తప్పుడు అలారాలు రాకుండా అలా పెట్టారు. కార్లో మనకి కావాల్సింది ప్రతి పీపీఎం అప్పటికప్పుడు చూపించే మీటర్, ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉన్నది.

"బ్రో, ఎంక్యూ-7 సెన్సర్, ఈఎస్‌పీ32 పెట్టి నేనే చేసుకుంటా" అంటారా? నేనూ కాలేజీలో చేశాను. ఎంక్యూ-7 లోపలి హీటర్‌కి 60 సెకన్లు 5 వోల్టులు, తర్వాత 90 సెకన్లు 1.4 వోల్టులు ఇవ్వాలి. రీడింగ్ ఆ రెండో దశలోనే తీసుకోవాలి. నెట్‌లో కాపీ చేసే కోడ్‌లలో చాలావరకు ఎప్పుడూ 5 వోల్టులే ఇచ్చేస్తాయి. దానికి తోడు పెట్రోల్ ఆవిరికీ స్పందిస్తుంది, అంబాసిడర్‌లో ఆ ఆవిరికి కొదవ లేదు. ప్రాజెక్ట్‌కి ఓకే, అమ్మ ఆరోగ్యానికి వద్దు. ఎలక్ట్రోకెమికల్ మీటర్‌కి కూడా ఒక జాగ్రత్త ఉంది: పక్కన శానిటైజర్ గానీ పెర్ఫ్యూమ్ గానీ కొడితే నంబర్ ఉత్తినే ఎగురుతుంది.

టిక్ టిక్ టిక్.. మైక్ చెప్పిన అడ్రస్

బానెట్ ఎత్తితే ఇంజన్ దగ్గర టిక్ టిక్‌మని సన్నటి శబ్దం. నాన్న ఏళ్ల తరబడి అది ట్యాపెట్ శబ్దం అనే అనుకున్నారు. ఆ సందేహం తీర్చడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వినండి. ఎగ్జాస్ట్ లీక్ అయితే ఇంజన్ వేడెక్కేకొద్దీ లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, శబ్దం తగ్గుతుంది. ట్యాపెట్ అయితే సాధారణంగా అలా తగ్గదు. మాది పది నిమిషాల్లో బాగా తగ్గింది.

సరే, లీకే. కానీ ఎక్కడ? నాకు బాగా నచ్చిన పార్ట్ ఇదే.

అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ. ఇంగ్లండ్‌లో పుట్టిన బీఎంసీ బి-సిరీస్ డిజైన్. నాలుగు సిలిండర్లు, కానీ ఎగ్జాస్ట్ రంధ్రాలు మూడే. 1వ సిలిండర్‌కి ఒకటి, 4వ దానికి ఒకటి, మధ్యలో 2, 3 రెండిటికీ కలిపి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పొగ వదులుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో ఒక చుట్టుకి 75 మిల్లీసెకన్లు. ఇప్పుడు చూడండి:

చివరి రంధ్రాల్లో ఏదో ఒకటి లీక్ అయితే రెండు టిక్‌ల మధ్య 150 మిల్లీసెకన్లు ఉండాలి. మధ్య రంధ్రం అయితే 2, 3 సిలిండర్లు సరిగ్గా ఒక చుట్టు తేడాతో పేలతాయి కాబట్టి 75. మూడూ కలిసిపోయిన తర్వాత, కింద పైపులో ఎక్కడైనా లీక్ అయితే నాలుగు సిలిండర్ల పొగా అక్కడి నుంచే పోతుంది కాబట్టి సుమారు 37. అంటే టిక్‌ల మధ్య గ్యాప్ చెప్తుంది లీక్ ఎక్కడుందో!

మీటర్ పొడవు రబ్బర్ గొట్టం తీసుకుని ఒక చివర ఫోన్ మైక్‌కి టేప్ వేశాను. రెండో చివర ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ వెంబడి మెల్లగా తిప్పాను. ఫ్యాన్‌కీ బెల్ట్‌కీ దూరంగా, ఫుల్ హ్యాండ్స్ చొక్కా మడిచి. రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసి డబ్ల్యూఏవీ ఫార్మాట్ పెట్టుకోండి, లేదంటే ఫోన్ తెలివి ఉపయోగించి ఆ టిక్‌లనే తుడిచేస్తుంది. ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీలో తెరిచాను. వరుసగా ముళ్లలా నిలబడ్డ టిక్‌లు. గ్యాప్ 79 మిల్లీసెకన్లు.

మా బండికి ఆర్‌పీఎం మీటర్ లేదు. అయినా ఫర్వాలేదు. 79 అంటే ఒక చుట్టుకి ఒక టిక్ అనుకుంటే ఇంజన్ 760 ఆర్‌పీఎంలో ఉన్నట్టు. రెండు చుట్లకి ఒకటి అనుకుంటే 1,500 దాటాలి, చుట్టుకి రెండు అనుకుంటే 400 లోపు. ఐడిల్‌లో ఉన్న బండి ఆ రెండూ కాదని చెవికే తెలుస్తుంది. కాబట్టి మధ్య రంధ్రమే.

మర్నాడు ఇంజన్ పూర్తిగా చల్లారాక ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరాని మేనిఫోల్డ్ కిందికి దూర్చాను. ఈ కెమెరాలు చవకే, కానీ వేడి ఇంజన్ దగ్గరికి తీసుకెళ్తే కరిగిపోతాయి. మధ్య ఫ్లాంజ్ కింద నల్లటి మసి చార, తోకచుక్కలా. మైక్ చెప్పిందే కెమెరా కూడా చెప్పింది.

సిలికాన్ పూసేద్దాం బాబూ

విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన పాత మేస్త్రీ ఒకాయన ఉన్నారు. అంబాసిడర్ల మీదే జీవితం గడిపిన మనిషి. నేను ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూపిస్తే ఆయన దాన్ని రెండు సెకన్లు చూసి, నా మొహం ఐదు సెకన్లు చూసి, "ఇంతకుముందు ఎవరో సిలికాన్ పూసినట్టున్నారు బాబూ, చూడు" అన్నారు. నిజమే. ఫ్లాంజ్ అంచున ఎర్రటి సిలికాన్ ముక్కలు ఎండిపోయి పొలుసుల్లా ఊడుతున్నాయి. వేరే షెడ్డులో మూడేళ్ల కిందట చేయించిన "రిపేర్" అది.

సైలెన్సర్ జాయింట్ల విషయంలో ఎక్కువమంది పడే గుంట ఇదే. హై టెంపరేచర్ సిలికాన్ ట్యూబ్ మీద 300, 350 డిగ్రీలు అని రాసి ఉంటుంది. పెద్ద నంబరే అనిపిస్తుంది. కానీ ఇంజన్ తలకి ఆనుకున్న ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ లోడ్ మీద దాన్ని దాటేస్తుంది. ఎపాక్సీ పుట్టీ సంగతి ఇక చెప్పక్కర్లేదు. కొందరు సైలెన్సర్ పేస్ట్ పూస్తారు. అది సోడియం సిలికేట్ లాంటి పదార్థం, వేడికి గాజులా గట్టిపడుతుంది. వేడిని తట్టుకుంటుంది, కానీ వంగదు. మేనిఫోల్డ్ మాత్రం కదులుతూనే ఉంటుంది. 40 సెంటీమీటర్ల పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, చల్లారితే వెనక్కి వస్తుంది. ప్రతి ట్రిప్‌కీ ఇదే. ఆ కదలికకి గట్టి పేస్ట్ పగులుతుంది. అందుకే అక్కడ ప్యాకింగ్ వేస్తారు. గ్యాస్కెట్‌ని మన మెకానిక్‌లు ప్యాకింగ్ అంటారు. దాని మీద ఏ పేస్టూ పూయకుండా పొడిగానే బిగించాలి. మెత్తటి ప్యాకింగ్ మీద ఫ్లాంజ్ జరగగలదు.

అంటే సీల్ చేసేది పేస్ట్ కాదు. రెండు సమతలాలు, మధ్యలో ప్యాకింగ్, వాటి మీద సమానమైన ఒత్తిడి.

మరి ఆ ఒత్తిడి ఎందుకు పోయింది? విప్పడానికే ఒక రోజు పట్టింది. ముందు రోజు రాత్రే స్టడ్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాం. ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. ఈ బ్రిటిష్ డిజైన్ ఇంజన్ నట్లు అంగుళాల లెక్కవి. ఈ నట్టుకి అర అంగుళం పానా కావాలి, అంటే 12.7 మిల్లీమీటర్లు. అందరి దగ్గరా ఉండేది 13 నంబర్ పానా. పడుతుంది, తిరుగుతుంది, తుప్పు పట్టిన నట్టు మీద గట్టిగా లాగితే మూలలు గుండ్రమైపోతాయి. మా బండికి అప్పటికే రెండు నట్లు గుండ్రమై ఉన్నాయి. ఒక స్టడ్ నట్టుతో పాటే బయటికి వచ్చేసింది. అది మంచిదే, విరిగి లోపల ఉండిపోతే తలే విప్పాల్సొచ్చేది.

ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లు రెండూ తలకి ఒకే వైపు, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. కొన్ని స్టడ్ల దగ్గర ఒకే మందపాటి వాషర్ అటు ఇన్‌లెట్ ఫ్లాంజ్‌ని, ఇటు ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌ని కలిపి నొక్కుతుంది. మేస్త్రీ ఆ వాషర్‌ని వేలితో తడిమి నాకు ఇచ్చారు. ఒక పక్క మెరుస్తోంది, ఇంకో పక్క మసి. అంటే అది ఇన్‌లెట్ ఫ్లాంజ్‌ని మాత్రమే నొక్కుతోంది, ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌ని తాకడమే లేదు! ఎప్పుడో ఎవరో ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌ని ఒక్కదాన్నే మెషిన్ మీద అరగదీయించారు. దాని ఫ్లాంజ్ పలచబడింది. ఆ తర్వాత నట్టు ఎంత బిగించినా బరువంతా ఇన్‌లెట్ మీదే. స్టీల్ స్కేల్ అడ్డంగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ బ్లేడ్ దూర్చి చూస్తే మధ్య ఫ్లాంజ్ దగ్గర 0.4 మిల్లీమీటర్లు దూరింది. నా లెక్కలో 0.1 బ్లేడ్ దూరకపోతే మంచి జాయింట్.

గ్రాఫ్‌లో ఈ కారణం నాకు ఎప్పటికీ కనపడేది కాదు. లీక్ ఎక్కడో చెప్పింది, ఎందుకో చెప్పలేదు.

రెండు మేనిఫోల్డ్‌లనీ ఒకేసారి మెషిన్ షాపులో పట్టించాం. ముఖాలు ఒకే తలంలో, ఫ్లాంజ్ మందం సమానంగా. తల వైపు ముఖాన్ని శుభ్రం చేసేటప్పుడు మాత్రం నేను మొండికేశాను. పాత ప్యాకింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా వైర్ బ్రష్ పెట్టి గీకి, కంప్రెసర్ గాలితో ఊదేయడం మన షెడ్లలో మామూలే. నీళ్లు చల్లి, తడిగా గీకి, ఆ ముక్కల్ని కవర్లో కట్టేశాం. మాస్క్ మేస్త్రీకి కూడా ఇచ్చాను. నవ్వుతూనే పెట్టుకున్నారు.

కొత్త స్టడ్లు, ఇత్తడి నట్లు. ఇత్తడి ఎందుకంటే వేడికి స్టీల్ స్టడ్‌కి అతుక్కుపోదు, పదేళ్ల తర్వాత కూడా విప్పుకోవచ్చు. మెరుస్తుంది కదాని స్టెయిన్‌లెస్ స్టడ్ మీద స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే రెండూ రాసుకుని బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మరలకి కాస్త కాపర్ గ్రీజు రాశాం.

బిగింపు దగ్గర మళ్లీ చిన్న గొడవ. మేస్త్రీ చేతి బలం మీద నమ్మకం నాకుంది, కానీ ఇది చిన్న స్టడ్, 5/16 అంగుళం. ఇదే బి-సిరీస్ ఇంజన్ వాడిన ఎంజీబీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో మేనిఫోల్డ్ నట్లకి 15 పౌండ్-అడుగులు అని ఉంటుంది, అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. చక్రాల నట్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ. టార్క్ రెంచ్ పెట్టి మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో బిగించాం: 8, 14, 20. టక్ అన్న చోట ఆపేశాం. "ఇంతేనా?" అన్నారు మేస్త్రీ. ఇంతే. ఇంకా బిగిస్తే ఫ్లాంజ్ వంగుతుంది, లేదా స్టడ్ సాగుతుంది. ఇంజన్‌ని ఒకసారి పూర్తిగా వేడెక్కించి, పూర్తిగా చల్లార్చి, మళ్లీ 20కి పెడితే దాదాపు అన్ని నట్లూ కొంచెం తిరిగాయి. ప్యాకింగ్ సర్దుకుంటుంది కాబట్టి ఈ రెండో బిగింపు తప్పనిసరి. చాలా షెడ్లలో ఎగ్గొట్టేది ఇదే, ఎందుకంటే అప్పటికి బండి ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది.

టిక్ పోయింది. ఇంజన్ ఐడిల్ కూడా నున్నగా అయింది. ఇన్‌లెట్ వైపు కూడా సన్నగా గాలి లాగుతున్నట్టుంది, అదీ మూసుకుంది.

మీటర్ పెట్టాను. పదకొండు నిమిషాలకి 21.

ఇంకా 21 ఎందుకు?

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాన్న, నేను ఇద్దరం ఆపేద్దామనే అనుకున్నాం. 54 నుంచి 21 అంటే మంచి మార్పే కదా, 30 లోపే కదా. అమ్మ వాకిట్లో నిలబడి "అయిపోయిందా, ఎక్కొచ్చా?" అని అడిగింది. ఎక్కొచ్చు అని నా నోటి నుంచి రాలేదు.

ఈసారి ఇంజన్ ఆఫ్‌లో ఉంచే వెతికాం. పీసీ దుమ్ము దులపడానికి మనలో చాలామంది దగ్గర ఎలక్ట్రిక్ బ్లోయర్ ఉంటుంది కదా, అదే. ఇంజన్, పైపు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బ్లోయర్ మూతిని వెనక సైలెన్సర్ గొట్టంలో పెట్టి, చుట్టూ గుడ్డ చుట్టి ఆన్ చేయండి. స్ప్రే బాటిల్‌లో సబ్బు నీళ్లు పోసి ప్రతి జాయింట్ మీదా కొట్టండి. లీక్ ఉన్నచోట నురగ ఉబ్బుతుంది. పంక్చర్ షాపు లాజిక్కే. ఇంజన్ నడుస్తుండగా కారు కింద దూరడం కంటే వంద రెట్లు సేఫ్. కారు లేపడానికి జాకీ ఒక్కటే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. ఇటుకలు అసలే వద్దు, బరువుకి చెప్పాపెట్టకుండా పగిలిపోతాయి.

మేనిఫోల్డ్ దగ్గర ఒక్క బుడగ లేదు. ముందు సీటు కింద, ముందు పైపు సైలెన్సర్ పైపులోకి దూరే జాయింట్ దగ్గర మాత్రం పెళ్లిలో నురగ స్ప్రేలా పొంగింది.

అక్కడున్నది యూ క్లాంప్. చవక, ప్రతి షాపులో దొరుకుతుంది. కానీ అది పైపుని చుట్టూ సమానంగా నొక్కదు, వెనక నుంచి ఒక గాడిలా నొక్కేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన పైపు చిక్కుడు గింజ ఆకారంలోకి వస్తుంది, రెండు పక్కలా సందు మిగులుతుంది. లీకైతే ఇంకా బిగిస్తారు, ఇంకా నొక్కుకుపోతుంది. తర్వాత విప్పి పైపు లాగుదామంటే రాదు. ఆ నొక్కుకుపోయిన ముక్క కోసేసి, కొత్త గొట్టం వెల్డ్ చేయించి, వెడల్పు బ్యాండ్ క్లాంప్ వేశాం. రేకు పట్టీలా చుట్టూ సమానంగా పట్టుకునేది. ఒక పైపు ఇంకోదాంట్లో 5 సెంటీమీటర్లు దూరేలా చూశాం. సైలెన్సర్ పేస్ట్‌కి సరైన చోటు మాత్రం ఇదే: పైపులో పైపు దూరే జాయింట్‌లో, లోపలి పైపు మీద పలచగా పూసి, తోసి, తిప్పి, బిగించాలి. ఇక్కడ వేడి తక్కువ, కదలిక కూడా తక్కువ ఉండాలి.

ఉండాలి. మాకు ఎందుకు లేదు? ఇంకొంచెం వెనక్కి చూస్తే దొరికింది. సైలెన్సర్‌ని ఛాసిస్‌కి వేలాడదీసే రబ్బర్ హ్యాంగర్ ఎప్పుడో తెగిపోయింది. దాని బదులు ఎవరో బైండింగ్ వైర్ నాలుగు చుట్లు చుట్టి మెలిపెట్టారు. ఇంజన్ రబ్బర్ మౌంట్ల మీద కూర్చుంటుంది, యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ పక్కకి ఊగుతుంది, దాంతో పాటు ముందు పైపు ఊగుతుంది. వెనక రబ్బర్ ఉంటే సైలెన్సర్ కూడా కలిసి ఊగుతుంది. ఇనప తీగ కడితే వెనక కదలదు, ముందు ఆగదు. ఆ మధ్యలో నలిగేది జాయింటే. పది రూపాయల తీగ ఆ జాయింట్‌ని రోజూ విరుస్తూ వచ్చింది.

కొత్త రబ్బర్ హ్యాంగర్లు వేశాక బిగింపు వరుస ముఖ్యం. ముందు అన్నీ వదులుగా తగిలించాలి. పైపు ఎక్కడా ఛాసిస్‌కి తగలకుండా, రబ్బర్ పక్కకి లాగకుండా తనంతట తాను సర్దుకోనివ్వాలి. అప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కో క్లాంప్ బిగించుకుంటూ రావాలి. ఒక్కోదాన్ని పూర్తిగా బిగించుకుంటూ పోతే చివరి జాయింట్‌ని బలవంతంగా కలపాల్సొస్తుంది. ఆ బలవంతమే తర్వాత లీక్.

కింద ఉన్నప్పుడే ఇంకోటి కూడా చూశాం. కారు కింద పొగ ఉంటే అది లోపలికి రావడానికి దారి కూడా ఉండాలి కదా. రాత్రి పూట కారు కింద ఫోన్ టార్చ్ పెట్టి, లోపల లైట్లు ఆపి కూర్చుంటే తెలిసిపోతుంది. పెడల్ రాడ్ల దగ్గర రబ్బర్ లేదు. వెనక కాళ్ల దగ్గర ఫ్లోర్‌లో తుప్పు పట్టిన రంధ్రం, రూపాయి బిళ్లంత, అమ్మ కూర్చునే వైపే. డిక్కీ చుట్టూ రబ్బర్ ఎండి బీటలు వారింది. అద్దాలు దించి నడిపితే కారు వెనక గాలి సుడి తిరిగి డిక్కీ సందుల్లోంచి పొగని లోపలికి లాగుతుంది. "అద్దాలు దించుకో, గాలి ఆడుతుంది" అని మేం అమ్మకి చెప్పిన సలహా ఎంత గొప్పదో అప్పుడు అర్థమైంది. రంధ్రానికి రేకు వెల్డింగ్, మిగతావాటికి కొత్త రబ్బర్లు.

మొత్తం ఖర్చులో మెషిన్ షాపు, వెల్డింగ్ కూలీలే ఎక్కువ. ప్యాకింగ్, నట్లు, హ్యాంగర్లు కలిపినా నా సీఓ మీటర్ రేటు రాలేదు.

మళ్లీ అదే టెస్ట్. అదే వాకిలి, అద్దాలు ఎత్తి, వెనక సీట్లో మీటర్, ఇంజన్ ఐడిల్. పదకొండు నిమిషాలకి 2. ఇరవై నిమిషాలకి 3. మీలో ఎవరైనా ఇది చేస్తే ఆరుబయటే చేయండి. షెడ్డులో, సెల్లార్ పార్కింగ్‌లో అసలు వద్దు. లోపల మనిషి కూర్చోకుండా అద్దంలోంచి నంబర్ చూడండి.

పోయిన ఆదివారం తెనాలి నుంచి విజయవాడ, మధ్యలో మంగళగిరిలో ఆగి, నలుగురం వెళ్లాం. మీటర్‌లో పీక్ మెమరీ ఉంటుంది, మొత్తం ప్రయాణంలో గరిష్ఠంగా ఎంత వెళ్లిందో దాచుకుంటుంది. ఇంటికొచ్చాక నొక్కితే 9 చూపించింది. అది కూడా మా బండిది కాదనుకుంటా, వారధి మీద ఒక పాత డీజిల్ లారీ వెనక ఇరుక్కున్నప్పుడే నంబర్ ఎగిరింది. అమ్మ వెళ్లేటప్పుడు నిద్రపోయింది, వచ్చేటప్పుడు దారి పొడవునా మాట్లాడింది. నిమ్మకాయ మాత్రం డ్యాష్‌బోర్డ్ మీద అలాగే ఉంది. తియ్యమంటే "ఉండనీరా, దానికేం" అంది.

500 కిలోమీటర్లు తిరిగాక మేనిఫోల్డ్ నట్లు చల్లటి ఇంజన్ మీద మరోసారి 20కి చూడాలి. టార్క్ రెంచ్ నాన్న దగ్గరే వదిలేసి వచ్చాను. ఎలా వాడాలో వీడియో కాల్‌లో చూపిస్తా అన్నాను. "నాకు తెలుసులే, టక్ అంటే ఆపాలి" అన్నారు.